పస్తున్నవాడికి చేరని ఒక్కపొద్దు

దల్లీ రాజ్‌హరా నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బళ్లు మరోదా స్టేషన్ మీదుగా పగలూ రాత్రీ పోతూనే ఉంటాయి. ఇవతల భిలాయ్ క్వార్టర్ల వరసల్లో, భస్మ బుధవారం మొదలుకొని ఈస్టరు దాకా, మన తెలుగు ఇళ్లలో సాయంత్రాలు పాటలు వినిపిస్తాయి. శ్రమకాలం. పగలంతా ఒక్కపొద్దు, చీకటి పడ్డాక కూటం. చిన్నప్పటి నుంచి ఆ రోజులంటే నాకు ప్రాణం. అందుకే వాటిని మనం ఏం చేశామో చూస్తుంటే కడుపు మండిపోతోంది.

నలభై దినాల ఉపవాస ప్రార్థనల ఫ్లెక్సీ చూడండి. ప్రసంగీకుడి నిలువెత్తు ఫోటో, కింద వాగ్దానాల వరస: ఉద్యోగం, ప్రమోషన్, వీసా, అప్పుల నుంచి విడుదల. అన్నం మానడం దేవుడికిచ్చే బయానా అయిపోయింది. అరణ్యంలో ఆకలిగొన్న యేసు, రాళ్లను రొట్టెలు చేసుకొమ్మంటే ఒప్పుకోలేదు. తన ఆకలి తీర్చుకోడానికి తన శక్తిని వాడుకోనన్నాడు. మనం ఆయన ఆకలిని అడ్డం పెట్టుకుని మన పనులు చక్కబెట్టుకుంటున్నాం. పైగా, పొద్దంతా మంచినీళ్లతో గడిపిన ఆడవాళ్లే పొయ్యి దగ్గర నిలబడి కూటానికొచ్చిన వాళ్లందరికీ పులిహోర కలపాలి!

తినగలిగీ మానుకుంటే ఉపవాసం. తినడానికి లేక మానితే పస్తు. తెలుగు ఈ రెంటినీ ఎప్పుడూ కలిపెయ్యలేదు. కానీ ఉపవాసం పస్తును వెతుక్కుంటూ వెళ్లాలి. ఇది నేను పుట్టించిన మాట కాదు. రెండో శతాబ్దపు ‘హెర్మాస్ కాపరి’ అనే గ్రంథం, ఉపవాస దినాన రొట్టె, నీళ్లతో సరిపెట్టుకుని, మానేసిన భోజనం ఖరీదు లెక్కగట్టి, విధవరాలికో దిక్కులేని బిడ్డకో ఇచ్చెయ్యమంది. అదే శతాబ్దంలో అరిస్టైడిస్ అనే ఏథెన్సు తత్త్వవేత్త, క్రైస్తవుల దగ్గర పేదవాడికి పెట్టడానికి మిగులు లేకపోతే, తామే రెండు మూడు రోజులు తినకుండా ఉండి ఆ తిండి పెడతారని రాశాడు. నలభై దినాల మాట నైసియా మహాసభ తీర్మానాల్లో కనిపించేది 325లో. అంటే మన ఉపవాసంలో నలభై అనే అంకె కంటే పొరుగువాడి కంచమే పాతది.

మన పెద్దలకు ఆకలి పాఠం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. 1876-78 ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని, కూలి ఇచ్చాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కూటి కోసం మతం మార్చుకున్నారన్న మాట రాకూడదని కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న, ఒక్కరోజునే, గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సంఘాల చరిత్రలో ముందు కూడు, తర్వాత నీళ్లు. ఆ వరస మరిచిపోయి మనం ఏ నోటితో ఉపవాసం గురించి మాట్లాడుతున్నాం?

‘శ్రమ’ అంటే మన బైబిల్లో బాధ. భిలాయ్‌లో శ్రమ అంటే ఒళ్లు వంచి చేసే పని. 1959 ఫిబ్రవరి 4న ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచి ఈ ఊరిని నిలబెట్టింది ఆ రెండో శ్రమే. ఠేకా (కాంట్రాక్టు) కార్మికులకు బతకగలిగే కూలి అడిగిన కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబరు 28న ఈ ఊళ్లోనే, నిద్రలో ఉండగా కాల్చి చంపారు. మరుసటి ఏడు జులై 1న పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. నేను కూర్చున్న ఏ శ్రమకాల కూటంలోనూ ఆ చనిపోయినవాళ్ల ఊసు వినలేదు.

ఉపవాసం నాకూ దేవుడికీ మధ్య సంగతి, నీకెందుకు అంటారు కొందరు. రహస్యమే అయితే ఫ్లెక్సీ ఎందుకు? యెషయా 58వ అధ్యాయం తెరవండి. ఉపవాసముండే రోజునే పనివాళ్లను పీడించేవాళ్ల మీద అక్కడ ప్రవక్త నిప్పులు కురిపించాడు. కూలీల జీతం మూడు నెలలు తొక్కిపెట్టిన ఠేకాదారు ఒకడు మన ముందు వరసలో కళ్లు మూసుకుని కూర్చుంటే, ఆ అధ్యాయం ఎవరు చదువుతారు? పక్క వీధి ముస్లిం కుటుంబాలు ఈద్ నమాజుకు ముందే ఫిత్రా ఇచ్చేస్తాయి, పండగనాడు పేదింట పొయ్యి వెలగాలని. వాళ్లను చూసైనా మనకు సిగ్గు రావాలి.

మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి డబ్బాలో వేసేది. శ్రమకాలంలో రెండు పిడికిళ్లు. డబ్బా నిండితే ఎవరింటికి పంపాలో ఆమెకు తెలుసు. ఎవరింట్లో కూలి పడలేదో కనుక్కునేది కాబట్టి.

సంఘంలో ప్రతి ఆదివారం కానుకల లెక్క చదువుతాం. ఈ మట్టల ఆదివారం దాంతోపాటు ఇంకో లెక్క చదవండి. ఈ నలభై రోజుల్లో మన ఇళ్లలో ఎన్ని పూటలు వండలేదు, ఆ బియ్యం ఎవరి పొయ్యి మీదికి వెళ్లింది, ముందు వరసలోని ఠేకాదారు ఎంతమందికి బాకీ తీర్చాడు. చదవలేకపోతే ఫ్లెక్సీ దించెయ్యండి.