విమాన చోదకుని మనోవ్యాధి – బాధ్యత యెవరిది?

విమానప్రయాణము ఒకప్పుడు ధనికులకు మాత్రమే యందెడిది. నేడట్లు గాదు. కుమార్తె పురిటికై సముద్రములు దాటు తల్లులును, కుమారుని కాపురము చూడబోవు పెద్దలును మన పాఠకుల కుటుంబములలో ననేకులు గలరు. ప్రయాణమునాడు యంత్రము మంచిదేనా, వాన గాలి లేదు గదా యని విచారింతుము. విమానము నడుపువాని మనస్సు స్వస్థముగా నున్నదా యను ప్రశ్న మనకు తోచనే తోచదు. దానిని చూచుకొనువారు వేరే కలరని నమ్మి కూర్చుందుము. ఆ చూచుకొనవలసినవా రెవరు? వారి బాధ్యత యెంతవరకు? ఈ మాసము ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

2015వ సంవత్సరము మార్చి 24వ తేదీని స్పెయిన్ దేశమందలి బార్సిలోనా నగరమునుండి జర్మనీలోని డ్యుసెల్డార్ఫునకు ఒక విమానము బయలుదేరెను. అది లుఫ్తాన్సా యను పెద్ద సంస్థకు చెందిన జర్మన్‌వింగ్స్ కంపెనీ విమానము. అందు 144 మంది ప్రయాణికులును 6గురు సిబ్బందియు నుండిరి. హాల్టెర్న్ అను చిన్న జర్మను పట్టణపు పాఠశాలకు చెందిన 16 మంది విద్యార్థులును, వారి యుపాధ్యాయినులిద్దరును ఆ ప్రయాణికులలోనివారు. స్పెయిన్ విద్యార్థుల యిండ్లలో ఒక వారము అతిథులుగా నుండి ఆ పిల్లలు తమ తల్లిదండ్రులకడకు తిరిగి వచ్చుచుండిరి. వారిలో 14 మంది బాలికలే.

విమానము 38,000 అడుగుల యెత్తునకు చేరిన పిమ్మట ప్రధాన చోదకుడు కొద్ది నిముషములు గది విడిచి వెలుపలికి వచ్చెను. లోపల 27 ఏండ్ల సహచోదకు డొక్కడే మిగిలెను. అతడు విమానమును క్రిందికి దింపసాగెను. తలుపు మాత్రము తెరువలేదు. ప్రధాన చోదకుడు తట్టెను, పిలిచెను, తుదకు తలుపు పగులగొట్టజూచెను. భూమిమీదనుండి అధికారులు పిలిచినను లోపలినుండి బదులు లేదు. సుమారు పది నిముషములలో ఆ విమానము ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ పర్వతములను ఢీకొని తుత్తునియలయ్యెను. 150 మందిలో నొక్కరైనను మిగులలేదు. కంచెయే చేను మేసినచో చేనును కాపాడువా రెవరు?

ఆ తలుపు సంగతి కొంత చెప్పవలసి యున్నది. 2001 సెప్టెంబరు 11వ తేదీని అమెరికాలో దుండగులు విమానములను వశపరచుకొని ఘోరములు చేసిన తరువాత, చోదకుల గది తలుపులను పగులనివిగా, లోపలివారి యిష్టము లేనిదే తెరువబడనివిగా చేసిరి. అపాయము వెలుపలినుండియే వచ్చునని యెంచి చేసిన యేర్పాటది. లోపల కూర్చున్నవాని మనస్సునకే జబ్బు చేసిన నేమగునో పెద్దలు తగినంతగా యోచింపలేదు. తలుపును బలపరచినంత శ్రద్ధతో మనిషిని కనిపెట్టలేదు.

ఫ్రాన్సు ప్రభుత్వపు విమానప్రమాద విచారణ సంస్థ 2016 మార్చిలో ప్రకటించిన నివేదిక చదివినవారి కీ మాట స్పష్టమగును. ఆ సహచోదకునికి 2008లో, శిక్షణ పొందుచున్న కాలముననే, తీవ్రమైన విషాదరోగము కలిగెను. కొన్ని నెలలు శిక్షణ మాని చికిత్స పొంది, 2009లో మరల చేరెను. వ్యాధి తిరుగబెట్టినచో ధ్రువపత్రము చెల్లదను షరతుతో వైద్యు లతనికి యోగ్యతాపత్ర మిచ్చిరి. పిమ్మట ఏటేట జరిగిన పరీక్షలలో నతడు నెగ్గుచునే వచ్చెను. 2014 డిసెంబరునుండి వ్యాధి మరల తలయెత్తెను. చూపు పోవుచున్నదను భయముతో నతడు పెక్కుమంది డాక్టర్లకడకు తిరిగెను. దుర్ఘటనకు రెండు వారములు ముందుగా ఒక డాక్టరు, మానసిక వైద్యశాలలో చికిత్స పొందవలసినదని సలహా యిచ్చెను. ఇంత జరిగినను ఒక్క మాటయైనను కంపెనీకి గాని విమానశాఖ యధికారులకు గాని చేరలేదు. పనికి పోరాదని డాక్టర్లు వ్రాసి యిచ్చిన కాగితములు అతని యింట చింపబడి దొరకినవి. వానిలో నొకటి ఆ దినమునకు గూడ వర్తించునదే.

చించిన యా కాగితమును గూర్చి మేము పలుమారు తలపోసితిమి. ఒక డాక్టరు తన ధర్మము తాను నిర్వర్తించి, ఇతడు పని చేయరాదని వ్రాసెను. ఆ వ్రాత కంపెనీకి చేరవలసిన త్రోవ యొక్కటే: రోగియే తన చేతులతో కొనిపోయి యీయవలయును. 149 మంది ప్రాణములు, వ్యాధిచే కలతపడిన యొక మనస్సు చేయు నిర్ణయముపై నాధారపడి యుండెను.

అతడేల దాచెను? అతడు చేసిన ఘాతుకమునకు మేము సమాధానము వెదకుట లేదు. నూటనలుబదితొమ్మండుగురి చావునకు ఏ వ్యాధియు సమాధానము కాజాలదు. కాని దాచుటకు గల కారణములను తెలిసికొననిచో రేపు మరియొకడు దాచును. శిక్షణ ఖర్చులలో తన వంతు 60,000 యూరోలకై అతడు సుమారు 41,000 యూరోలు అప్పు చేసియుండెను. వ్యాధి బయటపడిన లైసెన్సు పోవును, లైసెన్సు పోయిన జీతము పోవును, అప్పు మాత్రము నిలుచును. చిన్ననాటనుండి కలలు గన్న వృత్తియు పోవును. డాక్టర్లకో, రోగి రహస్యమును బయటపెట్టిన చెరసాల శిక్షకు గురికావలసి వచ్చునను భయము. గొప్ప యపాయము తప్పించుటకు రహస్యము విడువవచ్చునని జర్మనీ చట్టమున నున్నను, ఎంతటి యపాయమునకు విడువవచ్చునో డాక్టర్లకు స్పష్టముగా తెలియదు. ఈ విషయమున స్పష్టమైన నిబంధనలు కావలయునని నివేదికయు కోరెను.

రోగము దాచిననే కీడు, తెలిసినచో కీడు లేదని తలపరాదు. 1982 ఫిబ్రవరి 9వ తేదీని జపాను దేశమున, ఫుకువోకానుండి టోక్యోకు వచ్చుచున్న జపాన్ ఎయిర్ లైన్స్ విమానమును దిగు సమయమున దాని ప్రధాన చోదకుడే సముద్రమున పడవేసెను. తోటివారు అతనిని పట్టి యాపజూచినను ఫలింపలేదు. 24 మంది మరణించిరి. ఆ చోదకుడు మనోవ్యాధితో కొంతకాలము సెలవుపై నుండి తిరిగి విధులలో చేరినవాడే! అక్కడ వ్యాధి సంగతి తెలిసియు సరిగా కనిపెట్టలేదు. ఇక్కడ తెలియుటకే మార్గము లేకపోయెను. కావున తెలిసికొనుట యొకటి, తెలిసిన పిమ్మట కనిపెట్టియుండుట యొకటి, రెండును కావలయును.

ఇక కంపెనీ బాధ్యత మాట. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక ననుసరించి, దేశాంతర ప్రయాణమున దుర్ఘటన జరిగి ప్రయాణికుడు మరణించినచో, తప్పు తనదైనను కాకున్నను ఒక మితివరకు విమానకంపెనీ నష్టపరిహార మీయవలసినదే. లుఫ్తాన్సా సంస్థ మృతుల కుటుంబములకు సొమ్ము చెల్లించెను. కాని కొందరు బంధువులు అది చాలదని, కంపెనీయు దాని శిక్షణాలయమును ఆ యువకుని ముందే కనిపెట్టవలసి యుండెనని కోర్టున కెక్కిరి. 2020లో ఎస్సెన్ కోర్టును, 2021లో హామ్ పట్టణపు పై కోర్టును వారి వ్యాజ్యమును త్రోసివేసినవి. చోదకుల యారోగ్యమును పరీక్షించుట ప్రభుత్వపు పని గాని కంపెనీ పని కాదనుట ఆ తీర్పుల సారాంశము.

చట్టము ననుసరించి ఆ తీర్పు సరియే కావచ్చును. న్యాయమూర్తులతో వాదించుటకు మేము చాలము. కాని బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యడుగునది చట్టమును మాత్రమే కాదు. ప్రభుత్వవైద్యుడు ఏటి కొక్కసారి చోదకుని చూచును. కంపెనీ యతనిని ప్రతిదినము చూచును. అతని వేళలు నిర్ణయించును, జీతమిచ్చును. నిజము చెప్పినవాని యన్నము పోవునట్టి యేర్పాటు చేసియుంచి, నిజము మాకెవ్వరును చెప్పలేదనుట బాధ్యత గల యజమానికి తగునా? పనివాడు తన జబ్బును భయములేక చెప్పుకొనుటకు వీలు కల్పించుటయే యజమాని మొదటి బాధ్యత యని మా యభిప్రాయము.

దుర్ఘటన జరిగిన మూడు దినములకే, చోదకుల గదిలో నెల్లప్పుడును ఇద్దరుండవలయునని ఐరోపా అధికారులు సలహా యిచ్చిరి. తరువాత దానిని సడలించిరి. 2017లో జర్మను కంపెనీలు ఆ పద్ధతిని మానివేసినవి. తలుపునకు కావలి పెట్టుటకన్న మనస్సునకు సాయము చేయుట మేలని తలచిరి కాబోలు. 2018లో ఐరోపా సమాఖ్య చేసిన నిబంధనల ప్రకారము, చోదకుని పనిలోనికి తీసికొనుటకు ముందు మనస్తత్వ పరీక్ష జరుగవలయును. అంతకన్న ముఖ్యముగా, తోటి చోదకులే తొలి యాసరాగా నిలుచునట్టి సహాయపద్ధతిని ప్రతి కంపెనీయు నేర్పరుపవలయును. కష్టమున నున్న చోదకుడు తనవంటి చోదకునితోనే రహస్యముగా చెప్పుకొనును. అతడు డాక్టరుకడకు దారి చూపును. నయమైన పిమ్మట తిరిగి పనికి వచ్చుటకు తోడ్పడును. మన దేశమునను విమానయాన శాఖ 2023లో చోదకుల మానసికారోగ్యమును గూర్చి సూచనలు చేసి, యిట్టి సహాయపద్ధతిని పేర్కొన్నది. అమెరికా దేశమువారు 2010 నుండియే, కొన్ని విషాదరోగపు మందులు వాడుచున్నవారు వైద్యుల పర్యవేక్షణలో విమానము నడుపుటకు అనుమతించుచున్నారు. మందు పుచ్చుకొన్నానని చెప్పినవానికి వృత్తి మిగులునను ధైర్యము కలుగగా, దాచుటకు గల కారణములలో నొకటి తొలగినట్లే గదా!

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. పేరు చెప్పనక్కరలేని రీతిని హార్వర్డ్ విశ్వవిద్యాలయమువారు చోదకులను ప్రశ్నించి 2016లో ప్రకటించిన పరిశోధనలో, బదులు చెప్పిన 1,848 మందిలో 233 మందికి విషాదరోగ లక్షణములు కలవని తేలెను. వీరందరు నపాయకరులని తలచుట ఘోరమైన తప్పు. మనోవ్యాధి గలవారిలో పరులకు హాని చేయువారు బహు స్వల్పులు. వారిని వెలివేసితిమేని, చెప్పుకొనదలచినవారును నోరు మూసికొందురు. అంతట మన భయమే మన కపాయము తెచ్చును.

సోదరీమణులారా! ఇది విమానకంపెనీలకు మాత్రమే చెందిన సంగతి యనుకొనకుడు. ఇంటిగుట్టు లంకకు చేటని మన పెద్దలు చెప్పుదురు. కాని జబ్బును గుట్టుగా దాచుటయే చేటగు సందర్భములును గలవు. పెండ్లి చెడునని కుమార్తె దిగులును, ఉద్యోగము పోవునని భర్త నిద్రలేమిని, నలుగురు నవ్వుదురని బాలింత కన్నీటిని మనము దాచుట లేదా? జ్వరము వచ్చినచో వెంటనే డాక్టరును పిలుతుము. మనస్సు క్రుంగినచో పట్టుదల లేదని మందలింతుము. మందలింపు విన్నవాడు మరునాడు చిరునవ్వు తగిలించుకొని పనికి పోవును. అతడు కోలుకొనెనని మన మనుకొందుము.

ఇకమీదనైన నట్లు చేయకుందము. నిద్ర లేక, తిండి సహింపక, బ్రతుకు వ్యర్థమని పలుకువానికడ కూర్చుండి మెల్లగా నడుగుడు. చెప్పినమాట తప్పుపట్టక వినుడు. వెంటబెట్టుకొని డాక్టరుకడకు పోవుడు. డాక్టరు సెలవు పెట్టుమనినచో, ఆ సెలవున సంసార మెట్లు గడచునో మేము చూచుకొందుమని ఇంటివారే ధైర్యము చెప్పుడు. ఎవరితో చెప్పుకొనవలయునో తోచనప్పుడు, మన ప్రభుత్వమువారు 2022లో నెలకొల్పిన టెలి మానస్ అను సహాయకేంద్రమునకు 14416 సంఖ్యపై టెలిఫోను చేయవచ్చును. జబ్బు చెప్పుకొనినందున జీతమును, గౌరవమును పోవని ప్రతి యజమానియు, ప్రతి యిల్లాలును మాట యీయగలిగిననాడు, డాక్టరు వ్రాసిన కాగితమును చించి దాచవలసిన యగత్యము ఎవ్వరికిని కలుగదు.