లోపమే గాని నాశం కాదు



వ్యాకరణం చదువుకున్నవారికి లోపమనే మాట కొత్త కాదు. పాణిని దానిని నిర్వచిస్తూ వర్ణం నశించటమని చెప్పలేదు. కనబడకపోవటమని మాత్రమే చెప్పాడు. లోపించిన ప్రత్యయం కూడా తన కార్యాన్ని తాను చేస్తూనే ఉంటుందన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు సంధులు చెప్పిన నాకు, ఈ నిర్వచనంలోని లోతు కంప్యూటరు ముందు కూర్చుని ఒక దస్త్రాన్ని పోగొట్టుకున్న రోజున గాని తెలిసిరాలేదు.

ఆ దస్త్రం మా అమ్మ నోట విని రాసుకున్న సేద్యపు మాటల పట్టిక. కాడి, మేడి, నొగ, కర్రు మొదలుకొని, నిఘంటువులకు ఎక్కని మాటల దాకా అందులో ఉన్నాయి. పాత ప్రతులను తీసివేద్దామని లినక్స్‌లో ఆర్‌ఎం అనే ఆజ్ఞను టైపు చేస్తూ, ఒక సంచయం పేరుకు బదులు మరొకటి కొట్టాను. ఆ ఆజ్ఞ మారుమాట అడగలేదు. పట్టిక పోయింది. మళ్లీ అడిగి రాసుకుందామంటే అమ్మ లేదు.

నా పూర్వ విద్యార్థి ఒకతనికి ఫోను చేశాను. "మాస్టారూ, ఇంకేమీ ముట్టుకోకండి. ముందు యంత్రాన్ని ఆపెయ్యండి" అన్నాడు. ఆ ఒక్క మాటే నా పట్టికను కాపాడింది. ఎందుకో చెబుతాను.

బడి భాషలోనే చెప్పుకుందాం. పిల్లవాడి పేరు హాజరుపట్టీలో ఉంటుంది. అతని వివరాలు ప్రవేశపు రిజిస్టరులో ఉంటాయి. పిల్లవాడు మాత్రం బల్లమీద ఉంటాడు. లినక్స్‌లోనూ అంతే. దస్త్రం పేరు సంచయంలో ఉంటుంది. యజమాని ఎవరు, పరిమాణమెంత, అక్షరాలు డిస్కుమీద ఎక్కడ ఉన్నాయి అన్న వివరాలు ఐనోడ్ అనే చిట్టాలో ఉంటాయి. అక్షరాలు సాధారణంగా 4096 బైట్ల గడులలో ఉంటాయి. ఆర్‌ఎం ఆజ్ఞ ఆ గడులను తుడవదు, పేరుకూ చిట్టాకూ మధ్య లంకెను తెంచుతుంది. లోపల జరిగే ఆ పనికి పేరే అన్‌లింక్. ఇక ఏ పేరూ ఆ చిట్టాను చూపనప్పుడు, ఏ ప్రోగ్రామూ ఆ దస్త్రాన్ని తెరిచి ఉంచనప్పుడు, ఆ గడులు ఖాళీ అని వ్యవస్థ రాసుకుంటుంది. మరొక దస్త్రం వచ్చి కూర్చునేదాకా పాత అక్షరాలు అక్కడే ఉంటాయి. అందుకే యంత్రాన్ని ఆపమన్నాడు మా శిష్యుడు. నడుస్తున్న యంత్రం మనమేమీ రాయకపోయినా తనంతట తాను ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది.

ఇక్కడ లినక్స్‌ను తప్పుపట్టేవారి మాటలోనూ నిజముంది. 1993లో వచ్చిన ఈఎక్స్‌టీ 2 పద్ధతిలో, దస్త్రాన్ని తీసివేసినా గడుల చిరునామాలు ఐనోడ్‌లో మిగిలేవి. తిరిగి తెచ్చుకోవటం తేలికగా ఉండేది. 2001లో లినక్స్‌లో చేరిన ఈఎక్స్‌టీ 3, తీసివేత మధ్యలో కరెంటు పోయినా చిక్కు రాకుండా ఆ చిరునామాలను సున్నాలు చేస్తుంది. 2008 డిసెంబరులో స్థిరపడిన ఈఎక్స్‌టీ 4 దారి కూడా అదే. అంటే నిలకడ కోసం తిరిగి పొందే సౌలభ్యాన్ని వదులుకున్నారన్నమాట. తెరమీద దస్త్రాన్ని ఎంచుకుని డిలీట్ మీట నొక్కితే అది చెత్తబుట్టలోకి పోతుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆజ్ఞల తెరమీద ఆర్‌ఎం కొడితే ఆ బుట్ట లేదు.

చిరునామా పోయినా అక్షరం ఉందిగదా, మరి దానిని వెదకటమెలా? ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఇదే. మా శిష్యుడి సూచన ప్రకారం పెన్‌డ్రైవు నుంచి మరొక లినక్స్‌ను నడిపించి, గ్రెప్ అనే ఆజ్ఞతో డిస్కు విభాగమంతటినీ ఒకే పొడవాటి గ్రంథంగా భావించి ఒక మాట కోసం వెదికాను. దొరికినదానిని వేరే డిస్కుమీద రాసుకున్నాను. ఆ మాట "ములుగర్ర". నా ఇతర దస్త్రాలలో ఎక్కడా రాని మాట కావాలని దానిని ఎంచుకున్నాను. రాత్రి మొదలుపెడితే తెల్లవారేసరికి ములుగర్ర దొరికింది. దాని చుట్టూ అమ్మ చెప్పిన మాటలూ దొరికాయి.

ఇది సాధ్యమైనది ఆ పట్టిక యూనికోడ్‌లో, సాదా పాఠంగా ఉండటం చేతనే. యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు వర్ణసంకేతం ప్రతి ఒక్కటీ మూడు బైట్లు. మొదటిది 224, రెండవది 176 గాని 177 గాని. డిస్కుమీద కోట్ల అంకెల మధ్య పడి ఉన్నా తెలుగు తెలుగుగానే గుర్తుపట్టదగిన రూపమది. అదే పాత ఫాంట్లలో రాసిన పాఠమైతే, లోపల ఉండేవి ఆంగ్లాక్షరాలూ వింత గుర్తులూ. తెలుగు మాట ఇచ్చి వెదికితే ఏమి దొరుకుతుంది? ఓడీటీ వంటి దస్త్రాలైతే లోపలి పాఠం కుదింపబడి ఉంటుంది కనుక అక్కడా ఈ వెదుకులాట సాగదు. వాటికి క్రిస్టోఫ్ గ్రెనియే రూపొందించిన ఫొటోరెక్ వంటి ఉచిత సాధనాలున్నాయి. అవి దస్త్రం తలకట్టును బట్టి దాని జాతిని గుర్తుపట్టి బయటికి తీస్తాయి. పాత పేర్లు మాత్రం తిరిగి రావు.

దొరికినదానిలో మరొక వింత. మన ఎడిటర్లు చాలావరకు భద్రపరచిన ప్రతిసారీ కొత్త ప్రతిని రాసి పాతదానిని వదిలేస్తాయి. అందువల్ల నా పట్టికకు మూడు పాఠాలు దొరికాయి. తాళపత్ర ప్రతులను ఎదుట పెట్టుకుని పాఠాంతరాలు చూసే పరిష్కర్తలాగా వారం రోజులు కూర్చున్నాను. ఒక గడి చివర వర్ణం సగానికి తెగి ఉంటే, తర్వాతి గడి మొదట మిగతా సగం కోసం వెదికాను. చివరి పుటలో చేర్చిన పాతిక మాటలు మాత్రం రాలేదు. వాటిమీద మరేదో కూర్చుంది. అవి లోపం కాదు, నాశమే.

లినక్స్ ఉచితం కాబట్టి వాడండని చెప్పేవారిని చూస్తుంటాను. నా దృష్టిలో వెల చిన్న విషయం. మన అక్షరం ఎక్కడ, ఏ రూపంలో ఉందో దాచకుండా చెప్పే వ్యవస్థ అది. ఎవరైనా చదివి సాధనం తయారుచేసుకోగలరు. తన గ్రంథాలయపు అలమర తాళం తన దగ్గరే ఉండాలని కోరుకునే పండితుడికి ఇంతకంటె ఏమి కావాలి? ఆ అలమరలో పెట్టేది కూడా యూనికోడ్‌లో ఉంటేనే ఆ తాళానికి ప్రయోజనం. పాత ఫాంట్లలో వ్యాసాలూ పద్యాలూ దాచుకున్నవారు ఇంకా ఎందరో ఉన్నారు. వారు వెంటనే వాటిని మార్చుకోవాలని నా ప్రార్థన.

అయితే నా అదృష్టాన్ని చూసి ధైర్యపడకండి. నాది తిరిగే పళ్లెం ఉన్న పాత డిస్కు. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలలో ఖాళీ అయిన గడులను ట్రిమ్ అనే ఆజ్ఞ డిస్కుకే చెప్పేస్తుంది. ఉబుంటు దానిని వారానికోసారి తానే నడుపుతుంది. అది నడిచాక వెదకటానికి సాధారణంగా ఏమీ మిగలదు. తాళపత్రాలలో మనదాకా వచ్చినవి, మళ్లీ మళ్లీ ప్రతి రాయించుకున్నవే. అమ్మ మాటలకు ఇప్పుడు మూడు ప్రతులున్నాయి: ఒకటి నా దగ్గర, ఒకటి మా అమ్మాయి దగ్గర, ఒకటి కాగితం మీద. ఆ పాతిక మాటల చోటు మాత్రం మూడింటిలోనూ ఖాళీగానే ఉంచాను.

స్వస్తి.