ఏడేళ్ల గడువు, ఆరు నెలల ఊరట

ఆచూకీ లేని మనిషి బతికి ఉన్నాడో లేదో తేల్చే విషయంలో, 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ చెప్పిన సూత్రాన్నే 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షన్ కొనసాగించింది. బతికి ఉంటే సహజంగా ఎవరికి కబురు అందేదో వారికి ఏడేళ్లుగా ఏ కబురూ లేదని రుజువైతే, అతడు బతికే ఉన్నాడని వాదించేవారే ఆ సంగతి నిరూపించాలి. నిరూపించలేకపోతే అతడు మరణించినట్లు న్యాయస్థానం భావిస్తుంది. అయితే ఈ భావన మరణానికే వర్తిస్తుంది గాని మరణించిన తేదీకి వర్తించదని ఎల్‌ఐసీ–అనూరాధ కేసులో 2004లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది గనుక, మనిషి కనబడకుండా పోయాక ప్రీమియం కట్టలేకపోయిన కుటుంబం, పాలసీ రద్దుకాకముందే మరణం జరిగిందని చూపలేక, ఏడేళ్లు ఎదురుచూసి కూడా బీమా సొమ్ము పోగొట్టుకోవచ్చు.

హైదరాబాద్‌లో నాంపల్లి స్టేషన్ దగ్గర హమాలీ పని చేసో, ఆదివారాల్లో ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు అమ్మో ఇల్లు నడిపిన మనిషి అదృశ్యమైతే, అతడి భార్య పోలీస్ స్టేషన్‌లో మిస్సింగ్ కేసు పెట్టాలి, ఆచూకీ దొరకలేదని పోలీసులిచ్చే కాగితాన్ని భద్రపరచుకోవాలి, ఏడేళ్లు నిండాక నాంపల్లి క్రిమినల్ కోర్టులకు కాక సివిల్ కోర్టుకు వెళ్లి డిక్రీ తెచ్చుకోవాలి. ఆ డిక్రీ ఉంటేనే మరణ ధ్రువపత్రం, ఆ పత్రం ఉంటేనే వితంతు పింఛను.

అదే కేంద్ర ప్రభుత్వోద్యోగి అదృశ్యమైతే, ఎఫ్ఐఆర్ నమోదైన ఆరు నెలల తర్వాత, అతడు తిరిగివస్తే సొమ్ము సర్దుబాటు చేస్తామన్న హామీపత్రం తీసుకుని కుటుంబ పింఛను ఇస్తారు. 2013 ఉత్తరాఖండ్ వరదల్లో గల్లంతైనవారి మరణాలను కూడా ఏడేళ్లు ఆగకుండానే నమోదు చేశారు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం, భర్త జాడ నాలుగేళ్లుగా తెలియని భార్యకు విడాకులు కోరే హక్కునిస్తూనే, డిక్రీ అమలును ఆరు నెలలు ఆపి, అతడు తిరిగిరావడానికి అవకాశం ఉంచింది.

వీటిని బట్టి, కనబడనివారి హక్కులు కాపాడుతూనే మిగిలినవారిని ఆదుకోవచ్చునని చట్టానికి ఎప్పుడో తెలుసునని తేలుతోంది. ఒకసారి జరిగితే సరిదిద్దడం కష్టమయ్యే ఆస్తి పంపకానికి ఏడేళ్ల జాగ్రత్త న్యాయమే. తర్వాత సర్దుబాటు చేయగలిగిన నెలసరి పింఛనుకు మాత్రం అంత గడువు అన్యాయం. ఉద్యోగి కుటుంబానికి వర్తించే ఆరు నెలల పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వం హమాలీ కుటుంబానికీ వర్తింపజేయాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు ఉన్నందున, ఆ సంగతిని ఫిర్యాదు తీసుకున్న రోజే అదృశ్యమైనవాడి భార్యకు చెప్పడం పోలీసుల విధి కావాలి.