పెండ్లిపీటల దగ్గర ఆగిపోతున్న ఐక్యత

“వివాహం రెండు కుటుంబాల సొంత వ్యవహారం, దానితో యూనియన్‌కు ఏమి పని?” అని మన ఉద్యమంలోనే కొందరు మిత్రులు ప్రశ్నిస్తున్నారు. వారికి మా సమాధానం స్పష్టంగా చెప్పదలచుకున్నాము. యంత్రం దగ్గర కలిసిన చేతులు పెండ్లిపీటల దగ్గర విడిపోతున్నంత కాలం మన ఐక్యత సగం ఐక్యత మాత్రమే.

ఫరీదాబాద్‌నే చూడండి. దేశ విభజనలో సర్వస్వం కోల్పోయి వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుండి వచ్చిన కాందిశీకుల కోసం 1949లో ఈ పారిశ్రామిక పట్టణానికి పునాది పడింది. వారు సహకార సంఘాలుగా ఏర్పడి తమ ఇండ్లను తామే కట్టుకున్నారు. తరువాత ఉత్తరప్రదేశ్ నుండి, బీహారు నుండి, ఇంకా అనేక రాష్ట్రాల నుండి శ్రామికులు వచ్చి చేరినారు. కులాన్ని చూసి కొలిమి వేడి తగ్గదు. కులాన్ని చూసి ప్రెస్సు యంత్రం వ్రేళ్ళను వదలిపెట్టదు. గేటు సభలో అందరూ ఒకే జెండా క్రింద నిలబడతారు. కాని కూతురికి సంబంధం వెదకవలసి వచ్చిన నాడు అదే కార్మికుడు సెలవు పెట్టి స్వగ్రామానికి పోయి కులపెద్దల గడప ఎక్కుతాడు.

కులం ఒక్కటే కాదు. “అబ్బాయి పర్మినెంటా, కాంట్రాక్టా?” అన్నది నేడు రెండవ ప్రశ్న. మనలను విడదీయడానికి యాజమాన్యం గీసిన గీతనే మనం జాతక చక్రంలో చేర్చుకున్నాము! ఇక కట్నం సంగతి. 1961 నుండి నిషేధచట్టం ఉన్నది, కట్నమూ ఉన్నది. భవిష్యనిధి ఖాళీ అవుతుంది. చాలనిది కాంట్రాక్టరు దగ్గర అప్పు అవుతుంది. ఆ అప్పు మెడలో ఉన్నవాడు సమ్మె నోటీసుపై సంతకం పెట్టడానికి వెనుకాడితే ఆశ్చర్యమేమున్నది? యూనియన్‌కు దీనితో పని లేదా?

“పిల్లలు ఇష్టపడితే చేసుకోనివ్వండి, మేము అడ్డురాము” అంటారు మరికొందరు. ఇది ఉదారంగా వినిపించే పలాయనం. పెద్దలు మోయవలసిన బరువును ఇరవై ఏండ్ల పిల్లల భుజాలపై పెట్టి ప్రక్కకు తప్పుకోవడమే ఇది. ఫలితం ఏమిటి? హర్యానాలోనే కైథల్ జిల్లాకు చెందిన జంటను, సగోత్రీకులు పెండ్లాడినారన్న నెపంతో, 2007లో చంపినారు. మన తెలుగువారు గర్వించడానికేమీ లేదు. 2018లో మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుండి బయటకు వస్తున్న దళిత యువకుణ్ణి కిరాయి హంతకుడు నరికివేసినాడు. 2018 మార్చి 27న సుప్రీంకోర్టు, వయస్సు వచ్చిన ఇద్దరి సమ్మతి ఉంటే కుటుంబం అనుమతిగాని, కులపంచాయతీ అనుమతిగాని అవసరం లేదని తీర్పు చెప్పింది. తీర్పు మంచిదే. కాని న్యాయస్థానం రక్షక గృహాన్ని ఇవ్వగలదు, అత్తవారింటిని ఇవ్వలేదు.

కులశుద్ధి మాట ఎంత బూటకమో హర్యానాయే చూపుతున్నది. 2011 జనాభా లెక్కలలో అక్కడ వెయ్యిమంది పురుషులకు 879 మంది స్త్రీలే ఉన్నారు. పిల్లలు దొరకక అస్సాం, బెంగాల్, ఒడిషాల నుండి పేదింటి ఆడపిల్లలను సొమ్మిచ్చి తెచ్చుకుంటున్నారు. వారిని ‘మోల్కీ’ అని, అంటే కొనితెచ్చినదని పిలుస్తారు. అప్పుడు కులం అడ్డురాలేదు! పొరుగువాడలోని దళిత యువతి మాత్రం పనికిరాదు. ఇటువంటి వర్ణాంతరాన్ని మేము సమర్థించడం లేదు. అది సమానుల కలయిక కాదు, క్రయవిక్రయం.

మరి దారి లేదా? ఉన్నది. మన తెలుగునేలపైనే ఉన్నది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన గోరా గారు తమ పెద్దకుమార్తె మనోరమను, ఆనాడు అంటరానివాడని వెలివేయబడిన అర్జునరావుకు ఇచ్చి చేయ నిశ్చయించినారు. గాంధీజీ ఆ వివాహాన్ని సేవాగ్రామంలో జరిపించడానికి అంగీకరించినారు. 1948 జనవరి 30న ఆయన హత్యకు గురైనారు. అయినా ఆ సంవత్సరం మార్చిలో సేవాగ్రామంలోనే వివాహం జరిగినది. తరువాత గోరా గారి కుమారుడు లవణం, మహాకవి జాషువా కుమార్తె హేమలతను వివాహమాడినారు. ఇక్కడ పిల్లలు పారిపోలేదు. పెద్దలే ముందు నడిచినారు. పెద్దలు కుదిర్చిన సంబంధమే కులాన్ని నిలబెట్టే సాధనమైతే, పెద్దలు కుదిర్చిన సంబంధమే దానిని కూల్చే సాధనం కూడా కాగలదు.

కనుక నాయకులు, కార్యకర్తలు తమ ఇండ్లతోనే ప్రారంభించాలని మేము కోరుతున్నాము. సంబంధం చూసేటప్పుడు కులం అడగకండి. కట్నం ఇవ్వకండి, పుచ్చుకోకండి. పిల్లల సమ్మతి లేనిదే ఏ సంబంధమూ ఖాయం చేయకండి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం క్రింద ముప్పది దినాల నోటీసు పెట్టాలి, ముగ్గురు సాక్షులు సంతకం చేయాలి. బెదిరింపులు వచ్చేది ఆ ముప్పది దినాలలోనే. ఆ దినాలలో యూనియన్ కార్యాలయం తలుపులు ఆ జంటకు తెరచి ఉండాలి. కన్నవారు రాకపోతే, ఆ మూడు సంతకాలూ మన సభ్యులవి కావాలి.