ఫత్వా ఉంది, మరి మన హిసాబ్?

పులి, ఏనుగు, ఖడ్గమృగం, ఒరంగుటాన్... ఈ నాలుగూ ఒకే అడవిలో బతికే చోటు దునియాలో ఒక్కటే ఉంది. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో, లూసర్ అడవులు. జావా ఖడ్గమృగమైతే ఆ దేశంలోని ఉజుంగ్ కులోన్ పార్కులో తప్ప ఇంకెక్కడా లేదు. బాలి పులి, జావా పులి ఎప్పుడో ఖతం అయిపోయాయి.

అక్కడి ఉలమా మండలి ఊరుకోలేదు. అంతరించిపోతున్న జంతువుల అక్రమ వేట, వ్యాపారం హరామ్ అని 2014లో ఫత్వా ఇచ్చింది. అడవులు తగలబెట్టడమూ హరామేనని 2016లో చెప్పింది. ముబారక్ మాటే. కానీ ఉచ్చులు ఆగలేదు, మంటలూ ఆగలేదు. కొనేవాడు ఉన్నంతకాలం అమ్మేవాడు ఉంటాడు కదా!

ఆ కొనేవాళ్లలో మనమూ ఉన్నాం. పామాయిల్ తోటల కోసం అక్కడ లక్షల ఎకరాల అడవి పోయింది. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ పామాయిల్ దిగుమతి చేసుకునేది మన ముల్కే. దస్తర్‌ఖాన్ మీది సమోసాలో, పిల్లల బిస్కెట్‌లో, సబ్బులో అదే నూనె.

పామాయిల్ మానేయమని నేననను. అక్కడి చిన్న రైతుల రోజీ దానిమీదే. ఎకరానికి అంత నూనె ఇచ్చే పంట ఇంకోటి లేదు. అడవి నరకకుండా తీసిన నూనె కావాలని కంపెనీలను అడగడం మాత్రం మన హఖ్, మన జిమ్మేదారీ కూడా. గోష్త్ కొనేటప్పుడు హలాలేనా అని అడుగుతాం. నూనె ఎక్కడిదని ఎప్పుడైనా అడిగామా? బేజుబాన్ మఖ్లూఖ్ మన చేతిలో అల్లా పెట్టిన అమానత్. దాని హిసాబ్ వేటగాడొక్కడే ఇస్తే సరిపోదు.