పొలం చుట్టూ కంచె వేశారు సరే.. వెనకాల రైతు దారి సంగతేంటి? గేటుకు తాళం పెట్టే ముందు ఇది చదవండి

తొలకరి పడిందంటే చాలు.. పల్లెల్లో దారి పంచాయితీలు మొదలవుతాయి. ఎండాకాలమంతా ఎవరి చేన్లోంచి ఎవరు నడిచినా అడిగేవాళ్లుండరు. దుక్కి దున్నడానికి ట్రాక్టర్ కదిలే సరికి "మా పొలంలోంచి రావద్దు" అన్న మాట పడుతుంది. అక్కడి నుంచి తహసీల్దార్ ఆఫీసు, పోలీస్ స్టేషన్, ఆ తర్వాత కోర్టు. నిన్నటిదాకా బావా, మామా అని పిలుచుకున్నవాళ్లే వాయిదాలకు ఎదురెదురుగా నిలబడుతున్నారు.

ఈ పాత గొడవకు ఇప్పుడు కొత్త కారణాలు తోడయ్యాయి. సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్లు, ఎన్ఆర్ఐలు ఊళ్లలో ఎకరం, రెండెకరాలు కొంటున్నారు. కొన్న వెంటనే చుట్టూ కడీలు పాతి ముళ్లతీగ లాగుతున్నారు. వాళ్ల భయంలో తప్పు లేదు. మనిషి ఊళ్లో లేకపోతే గట్టు జరుగుతుంది, మోటారు వైర్లు మాయమవుతాయి, మేకలు మొక్కలు మేసేస్తాయి. కానీ ఆ కంచె పడగానే వెనకాల పొలం రైతు ఇరుక్కుపోతాడు. ఎడ్లబండి పోయే సందు ఒకప్పుడు సరిపోయేది. ఇప్పుడు వరి కోతకు వచ్చే పెద్ద హార్వెస్టర్ కట్టర్ బారే దాదాపు 14 అడుగులుంటుంది. దారి లేకపోతే పండిన పంట చేలోనే ఉండిపోతుంది.

అసలు చిక్కు ఎక్కడుంది?

చాలా ఊళ్లలో పొలం దారి నోటిమాట మీద నడుస్తుంది. "పోనీలే, వెళ్లు" అని తాత అన్న మాటతో మూడు తరాలు నడిచేస్తాయి. ఆ భూమి అమ్ముడుపోయిన రోజున కథ అడ్డం తిరుగుతుంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఇలా ఇచ్చిన అనుమతి లైసెన్స్ కిందకు వస్తుంది. సెక్షన్ 59 ఏం చెబుతుందంటే.. భూమి చేతులు మారితే, పాత యజమాని ఇచ్చిన లైసెన్స్‌కు కొత్త యజమాని కట్టుబడి ఉండక్కర్లేదు. కొన్నవాళ్లు దర్జాగా తాళం వేయడానికి, వెనకాల రైతు లబోదిబోమనడానికి ఇదే కారణం.

అయితే అన్ని దారులూ లైసెన్సులు కావు. ఇక్కడే కొన్నవాళ్లు బోల్తా పడుతున్నారు.

ఈ మూడు రకాల దారులు మూయలేరు

మొదటిది నక్షా బాట. గ్రామ నక్షాలో బండ్లబాటగా, డొంకగా, పుంతగా గుర్తించిన దారి ప్రభుత్వానిది. పొలం మధ్యలోంచి పోయినా దాన్ని కలుపుకుని కంచె వేస్తే ఆక్రమణే. తహసీల్దార్ నోటీసిచ్చి తీయించొచ్చు.

రెండోది 20 ఏళ్ల వాడకం. ఎవరినీ అడగకుండా, అందరికీ తెలిసేలా, ఎక్కడా ఆగకుండా, హక్కుగా 20 ఏళ్లు ఒక దారిని వాడితే సెక్షన్ 15 కింద అది నిజంగానే హక్కవుతుంది. భూమి ఎంతమంది చేతులు మారినా పోదు. కాకపోతే దారి మూసేశాక రెండేళ్లలోపే కోర్టుకెళ్లాలి. ఆలస్యం చేస్తే ఈ వాదన నిలవడం కష్టం.

మూడోది భాగపంపకాల్లో వచ్చే దారి. అన్నదమ్ములు పంచుకున్నప్పుడో, ఉన్న భూమిలో కొంత ముక్క అమ్మినప్పుడో వెనకాల భాగానికి వేరే దారే లేకుండా పోతే, సెక్షన్ 13 కింద ముందు భాగంలోంచి దారి ఇవ్వాల్సిందే. ఆ దారి ఏ పక్క నుంచి ఇవ్వాలో ముందు భాగం యజమాని చూపించొచ్చు. అది వెనకాల వాళ్లకు అనుకూలంగా ఉండాలి, అంతే.

ఇక్కడ వెనకాల రైతులు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. "నాకు దారి లేదు కాబట్టి ఎవరి పొలంలోంచైనా వెళ్తా" అంటే ఈ సెక్షన్ కుదరదు. రెండు భూములూ ఒకప్పుడు ఒకరివో, ఉమ్మడివో అయి ఉండాలి. కొత్తగా భూమి కొనేవాళ్లు ధర మాట్లాడే ముందే దారి చూసుకోవాలనేది అందుకే.

పోలీసులకు చెబితే తేలిపోతుందా?

చాలామంది ముందు స్టేషన్‌కే పరిగెడుతున్నారు. కానీ పొలంలోంచి నడిచిపోయినంత మాత్రాన క్రిమినల్ కేసు అవ్వదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 వర్తించాలంటే నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, ఇబ్బంది పెట్టాలనో ఉద్దేశం ఉండాలి. దారి గొడవ ముదిరి శాంతిభద్రతల సమస్య అయ్యేలా ఉంటే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 166 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ విచారణ జరిపి ఉత్తర్వు ఇవ్వొచ్చు. హక్కు ఎవరిదనేది చివరికి తేల్చాల్సింది సివిల్ కోర్టే. అక్కడ ఏళ్లు పడుతుంది. ఈలోగా పంట ఆగదు కదా.

మరి స్నేహం చెడకుండా ఎలా?

మన దగ్గర కాగితం అడిగితే "నన్ను నమ్మవా?" అంటారు. నిజానికి ఈ విషయంలో కాగితమే ఇద్దరినీ కాపాడుతుంది. ఒప్పందం మీద నడిచిన దారి 20 ఏళ్ల లెక్కలోకి రాదు. అంటే "ఫలానా గట్టు పక్కన ఇన్ని అడుగుల దారి, మా అనుమతితో వాడుకుంటున్నారు" అని రాసుకుంటే యజమాని భూమికి ఢోకా లేదు. భూమి చేతులు మారనంతకాలం పక్క రైతుకు కూడా బెంగ కొంత తగ్గుతుంది. నాట్లప్పుడు, కోతలప్పుడు ట్రాక్టర్, మిగతా రోజుల్లో నడక అని సీజన్ల వారీగా కూడా రాసుకోవచ్చు. గేటు పెట్టినా ఒక తాళంచెవి పక్క రైతు దగ్గర ఉంచితే సగం గొడవ అక్కడే చల్లారుతుంది. పైగా ఊళ్లో లేని యజమానికి ఆ రైతే కాపలా.

ఒక్క జాగ్రత్త. పక్కవాళ్లు సొంత డబ్బుతో మొరం పోసి, తూము కట్టుకుంటామంటే సరేననే ముందు ఆలోచించాలి. అనుమతి మీద ఖర్చు పెట్టి శాశ్వత పని చేస్తే, సెక్షన్ 60 ప్రకారం ఆ అనుమతిని వెనక్కి తీసుకోవడం కుదరదు. ఆ ఖర్చు యజమానే పెట్టుకోవడమో, అసలు శాశ్వత దారే ఇచ్చేసి రిజిస్టర్ చేయించడమో మంచిది.

అప్పటికే మాటామాటా పెరిగిందా? మండల న్యాయసేవాధికార కమిటీకి దరఖాస్తు ఇచ్చి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. ఆ అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దాని మీద అప్పీల్ ఉండదు.

కరెంటు తీగ మాత్రం వద్దు

అడవి పందుల కోసమని కంచెకు నేరుగా కరెంటు ఇస్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. రాత్రిపూట మోటారు వేయడానికి వచ్చిన పక్క రైతులు ఆ తీగలు తగిలి చనిపోయిన ఘటనలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ప్రాణం పోతే జైలు తప్పదు, దొంగ కరెంటు కేసు అదనం.

కంచె వేసుకోవడం భూమి యజమాని హక్కే, అందులో అనుమానం లేదు. కానీ గుంత తవ్వే ముందు రోజు వెనకాల రైతు ఇంటికెళ్లి "దారి ఎటు ఉంచమంటావ్?" అని ఒక్క మాట అడిగితే, కోర్టు ఖర్చులు చాలావరకు మిగులుతాయి. రేపు బోరు మోటారు కాలిపోయినా, తోటలో మంటలు లేచినా ముందు పరిగెత్తుకొచ్చేది ఆ పక్క పొలం మనిషే.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం మాత్రమే. ఒక్కో భూమి రికార్డు ఒక్కోలా ఉంటుంది కాబట్టి నిర్ణయం తీసుకునే ముందు న్యాయవాదిని సంప్రదించండి.