“వర్ధమాన తార” యను మాట మనకేల?

మన హిమాయత్‌నగరమున తెలుగు అకాడమి యున్నది. 1968లో నెలకొల్పబడి, శాస్త్రములకు తెలుగు పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదకోశములను కూర్చిన సంస్థ యది. ఆ వీథిలోనే అమ్ముడుపోవు పత్రికల సినిమా పుటలు మాత్రము “వర్ధమాన తార” యను నొక్క మాటను ఏండ్ల తరబడి నమలుచున్నవి.

ఇది ఇంగ్లీషు “స్టార్‌లెట్టు”నకు కట్టిన పట్టుచీర. చిన్న బుక్కు బుక్‌లెట్టయినట్లు చిన్న స్టారు స్టార్‌లెట్టు. మనవారు చిల్లర తార యనుటకు నోరాడక “వర్ధమాన” యనిరి. (వర్ధమానుడు జైనుల మహావీరుని నామధేయము, ఆయన క్షమించుగాక!) పెరుగుచున్నదని యర్థము. మంచిదే. అయినచో అదే చిత్రమున ఆమె సరసన తొలివేషము కట్టిన బాలుడు “యువ కథానాయకు”డెట్లయ్యెను? వాడు అప్పుడే నాయకుడు. ఆమె ఇంకను పెరుగవలసినదియే. పది చిత్రములలో నటించినను, చిక్కులో పడిన నాడు ఆమె మరల వర్ధమాన తారయే.

మాటలో నేమున్నదందురా? న్యాయవాదులమైన మాకు మాట విలువ తెలియును. 2014లో హైదరాబాదు హోటలులో నొక నటిని పోలీసులు పట్టుకొనిరి. బాల్యముననే జాతీయ పురస్కారము నందిన నటి. ఆమె పేరు, బొమ్మ ఇంటింట చేరినవి. కొనవచ్చిరని చెప్పబడిన పెద్దమనుష్యుల పేరొక్కటియు చదివిన జ్ఞాపకము మాకు లేదు. రెండు నెలలు ఆమె సంరక్షణ గృహమున గడపినది. ఆ డిసెంబరులో సెషన్సు న్యాయస్థానము ఆమెను నిర్దోషి యన్నది. పట్టుబడిన వార్తకు మొదటి పుట నిచ్చినవారు ఈ తీర్పున కెన్ని అంగుళములిచ్చిరి? ఆమె పేరును మేము మరల అచ్చు వేయము.

2013 నాటి చట్టము పనిచోట వేధింపుల నుండి దినకూలికి వచ్చు స్త్రీకి సైతము రక్షణ నిచ్చుచున్నది. కాని మనము “తార” యనగానే ఆమె పనిమనిషి యన్న సంగతియే మరుగుపడును. నక్షత్రమునకు కూలియేమి, ఫిర్యాదేమి! కృష్ణానగరమున వేషముల కొరకు తిరుగాడు ఆడబిడ్డలకు ఆకాశము కాదు, ఆనాటి బత్తెము కావలెను. చిత్రసీమలో స్త్రీల వేధింపులపై తెలంగాణ ప్రభుత్వము 2019లో ఉపసంఘమును నియమించెను. దాని నివేదికను బయటపెట్టుడని 2024లో నటీమణులే అడుగవలసివచ్చెను.

సుప్రీంకోర్టు 2023లో న్యాయమూర్తుల కొరకొక చేపుస్తకము ప్రకటించి, “ఈవ్ టీజింగ్” వంటి మాటలను తీర్పులలో వాడవలదనెను. న్యాయపీఠము దిద్దుకొనగా పత్రికాధిపతులకు నామోషీ యేల?

మాట కొరతయా? 1932లో తొలి తెలుగు టాకీ “భక్త ప్రహ్లాద”లో లీలావతి వేషము ధరించిన కమలాబాయి సురభి నాటకరంగము నుండి వచ్చినది. ఆమె నటి. నేడు తొలివేషము కట్టినది కొత్త నటి. ఆమె ప్రక్కవాడు కొత్త నటుడు. సినిమా పుటల సంపాదకులు వచ్చు వారమే ఈ రెండు మాటలు అచ్చుకూటమునకు పంపుదురా, లేక ఏల పంపరో పాఠకులకు చెప్పుదురా?